మూసిన తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళిన ఖాదర్ సాబు

సూదిని దీపం మంటలో కాల్చి చల్లార్చాలి. టీకా మందు గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టి, ఎండ సోకకుండా అడవి దారి దాటించాలి. ఊరి పటేలుకు ముందుగా కబురు పెట్టాలి. పిల్లలను నీడన కూర్చోబెట్టి చేతి దండ మీద గాట్లు పెట్టాలి. వారం గడిచాక మళ్ళీ వెళ్ళి, టీకా పొంగని వారికి తిరిగి వేయాలి. 1926 అక్టోబరు 4వ తేదీన సిరోంచలో మశూచి టీకాల ఉద్యోగిగా చేరిన శ్రీ అబ్దుల్ ఖాదర్ గారికి పై అధికారి నోటిమాటగా అప్పగించిన పనులు ఇవి. ఊరు తలుపులు వేసుకుంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అదే రోజు అదే పనిలో చేరిన మరొకరు నర్సన్న గారు. భూమి లేని కూలి కుటుంబంలో పుట్టినవారు. మశూచి ఆయన ఇద్దరు బిడ్డలను తీసుకుపోయింది, ఆయన కన్నొకటి కూడా తీసుకుపోయింది. ఇద్దరివీ చలికాలపు తాత్కాలిక కొలువులే. ఇద్దరిలో ఒక్కరినే పక్కా ఉద్యోగంలోకి తీసుకుంటామని పై నుంచి మాట వచ్చింది. ఖాదర్ గారికి సైకిలు ఉంది, ఉర్దూ, మరాఠీ చదువు ఉంది. నర్సన్న గారికి కాళ్ళు తప్ప మరేమీ లేవు. అయినా ఖాదర్ గారు వెళ్ళిన ఊళ్ళలో తల్లులు పిల్లలను గరిసెల్లో దాచేవారు, నర్సన్న గారు వెళ్ళిన ఊళ్ళలో ప్రతి పిల్లవాడి దండ మీదా టీకా మచ్చ కనబడేది.

ఖాదర్ గారికి అసూయ పుట్టింది. ఈ పదవీ విరమణ సంచికలో ఇలాంటి మాట రాయవచ్చునా అని సంకోచిస్తే, రాయమని ఆజ్ఞాపించినది ఖాదర్ గారే. ఆ రోజుల్లో ఆయనకు అన్నం సయించేది కాదు. వారి శ్రీమతి అనీసా గారు ఒకనాడు నర్సన్న గారిని గడపలోనే నిలబెట్టి అన్నారు: "అన్నా, ఈయన లేస్తే నీ పేరే, పంటే నీ పేరే. నాకు సవతి లేదనుకుంటి, ఉన్నవ్ గద నువ్వు!"

నర్సన్న దగ్గర ఏదో మంత్రమో మూలికో ఉండి ఉంటుందని ఖాదర్ గారి అనుమానం. దాన్ని పట్టుకుంటే పక్కా ఉద్యోగం తనదేనని ఆశ. నర్సన్న గారు పెర్మిలికి బయలుదేరిన రోజున సైకిలు మీద వెనకనే, చప్పుడు కాలేదనుకుంటూ వెళ్ళి, ఊరి చివరి పశువుల కొట్టంలో నక్కి చూశారు. నర్సన్న గారు మొదటి గడప ఎక్కగానే గంగక్క అనే పడుచు తల్లి చంకలో బిడ్డతో బయటికి వచ్చింది.

"అమ్మతల్లికి కోపమొస్తది. పోతవా, చీపురు తియ్యమంటవా?" అంటూ కుండెడు పేడనీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించింది. తక్కిన తలుపులన్నీ టపటపా పడ్డాయి. ఖాదర్ గారికి ఆశ్చర్యమూ, దాచుకోలేని సంతోషమూ కలిగాయి. నర్సన్న గారు వెళ్ళిపోలేదు. ఆ రాత్రి ఇప్పచెట్టు కిందే కూర్చున్నారు, కొట్టంలో ఖాదర్ గారూ కదలలేదు. మర్నాడు పొద్దున అదే గడప ఎక్కి, అవే తిట్లు తిన్నారు. తడిసిన రుమాలు పిండుకుంటూ నేరుగా కొట్టం దగ్గరికి వచ్చారు.

"బయటికి రా ఖాదర్ భాయ్. నీ సైకిల్ గంట నిన్ననే ఇన్న."

"ఏం మంత్రమేసినవ్, జర చెప్పు."

"మంత్రమా? నెత్తి మీద పేడ కనబడ్తలేదా?"

"నిన్న గిట్లనే జేసిండ్రు గద. మళ్ల ఎందుకు పోయినవ్?"

నర్సన్న గారు రుమాలు మళ్ళీ తలకు చుట్టుకున్నారు. "ఇంటికి పోతే పోరగాళ్ల మంచం ఖాళీగ కనబడ్తది భాయ్. ఆ పిల్ల సంకల బిడ్డున్నడు, సూసినవా? తిట్టనియ్. తిట్టి తిట్టి ఆమెకే యాష్టకొస్తది."

మూడోనాడు గంగక్కకు నిజంగానే యాష్టకొచ్చింది. తిట్టి తిట్టి విసిగి, బిడ్డ దండను తనే పట్టుకుని ముందుకు చాపింది. అన్ని ఊళ్ళూ నర్సన్నకు తలుపులు తెరుస్తాయని కదా ఖాదర్ గారు కుళ్ళుకున్నది! తెరిచిన తలుపు నర్సన్నకు ఒక్కటీ దొరకలేదు. మూసిన తలుపు దగ్గరికే ఆయన మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు, అంతే. అది తెలిశాక అసూయ తగ్గలేదు, దారి మార్చుకుంది.

1932లో పక్కా ఉద్యోగం ఖాదర్ గారికే దక్కింది. చదువు వచ్చినవారే కావాలన్నారు. చామోర్షిలోనూ, ఆష్టిలోనూ, 1947 నుంచి మళ్ళీ సిరోంచలోనూ వారు చూపిన కర్తవ్యదీక్ష మనందరికీ తెలిసినదే. తలుపు మూసుకున్న ఇంటి ముందు కూలబడి, "నర్సన్నయితే గిప్పుడు లేచి ఇంటికి పోతుండెనా?" అని తనను తానే గద్దించుకునేవారని ఎందరికి తెలుసు? నర్సన్న గారు మాత్రం చివరిదాకా తాత్కాలికంగానే పనిచేసి, 1951 చలికాలంలో, పెర్మిలి నుంచి తెచ్చుకున్న జ్వరంతో కన్నుమూశారు. ఆయనకు పూలదండ వేసినవారు లేరు, సంచిక అచ్చు వేసినవారూ లేరు.

ఈ ఫిబ్రవరిలో ఖాదర్ గారు చివరిసారి పెర్మిలి వెళ్ళారు. ముసలిదైన గంగక్క మనుమరాలిని తనే ఎత్తుకొచ్చి, టీకా వేయించి, అడిగింది: "నర్సన్న ఇగ రాడా?" లేడని చెప్పగా, లోపలికి వెళ్ళి ఎండబెట్టిన ఇప్పపూలు ఆకుడొప్పలో పోసి తెచ్చింది. "ఆయన పెండ్లానికియ్యి."

నర్సన్న గారి భార్య నర్సక్క గారి చేతికి ఆ డొప్ప చేర్చి ఇంటికి వచ్చిన భర్తతో అనీసా గారన్నారు: "సచ్చి గూడ గెలిచిండు నీ దోస్తు."

"గెలిచిండు" అన్నారట ఖాదర్ గారు. "కుళ్ళుతోని దారి పొడుగూత ఒక్క పువ్వు గూడ నోట్లె ఏస్కోలే."

1958 మార్చి 31న విశ్రాంతి పొందుతున్న శ్రీ అబ్దుల్ ఖాదర్ గారు, అనీసా గారితో కలిసి, కాళ్ళ నొప్పులు ఎరగక, మనుమల పెళ్ళిళ్ళు చూస్తూ, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాం. ఖాదర్ గారి తరఫున ఒక విన్నపం కూడా. ఇది చదివే మీలో ఎవరి దండ మీదనైనా టీకా మచ్చ ఉంటే ఒక్కసారి తడిమి చూసుకోండి. అది పెట్టిన చేయి ఖాదర్ గారిదే అయినా సరే, ముందు నర్సన్న గారిని తలచుకోండి.