గోతంలో వెళ్ళిన క్రాంకు

గజపతినగరం మెయిన్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఉదయం తొమ్మిది గంటలు; బల్ల మీద తలకిందులుగా పెట్టిన కారు ఇంజను, దానికి ఇటు మెకానిక్ నాగబాబు, అటు పిండివంటల కాంతం.

"... మా పక్కింటి హైమవతి ఊరికే అన్లేదు. వాళ్ళ మరిది సోమవారం నాడు కళ్ళారా చూసేడట. నువ్వు నా కారింజన్లో ఇరుసు, అదే ఆ క్రాంకుని, గోతంలో చుట్టి, బండి వెనక కట్టుకుని విజీనారం పోయేవట. సాయంత్రం ఉత్త చేతుల్తో వచ్చేవట. మంచి క్రాంకు అమ్మీసుకుని, ఏదో తుక్కుది తెచ్చి నీ కారుకి బిగించీస్తాడు చూడు, అనీసింది."

"ఆ మరిది గోతంలోకి తొంగి సూసేడేటమ్మా?"

"వెటకారం వద్దు. పోయేవా, లేదా?"

"పోయేను. లేతు మిషన్ కాడికి పోయేను. క్రాంకు గీతలడిపోతే సాన పట్టించొద్దేటి? నాల్రోజులు పడతాదన్నాడు, అక్కడ ఒగ్గీసి వచ్చీసేను. నిన్న తెచ్చేను. ఇదిగో, మీ ముందే ఉన్నాది. అద్దంలాగున్నాది సూడండి."

"అద్దంలా ఉన్నాదనే నా అనుమానం. నాది ఇంతలా మెరుస్తాదేటి?"

"మీ కత్తిపీట సాన పట్టించి తెస్తే, ఇది నా కత్తిపీట కాదంటారేటి?"

"కత్తిపీట నా ఎదురుగా సాన పడతాడు. నువ్వు గోతంలో పట్టుకుపోయేవు. చూడు నాగబాబూ, ఈ షెడ్డు ఎవరిదో గుర్తున్నాదా? మా అన్నయ్యది. నేను ఒక్క మాటంటే రేపటికి నీ పానాలు, నీ జాకీలు అన్నీ రోడ్డు మీదుంటాయి."

"అది నాకు రోజూ గుర్తేనమ్మా. చెయ్యి తియ్యండి. అక్కడ ఇసక రేణువు పడినా మళ్ళీ గీతడిపోద్ది."

"సరే, బిగించు. నేనిక్కడే కూర్చుంటాను."

"కూకోండి. సూస్తే మీకే తెలుస్తాది. దీన్ని తియ్యడమూ పురిట్లో పనే, పెట్టడమూ పురిట్లో పనే. ఇంజను దించాల, అడుగున నూనె తొట్టి ఇప్పాల, క్రాంకుని పట్టుకునే ఈ అయిదు క్యాపులూ తియ్యాల. అప్పుడు రెండు చేతుల్తో తిన్నగా పైకెత్తాల. పక్కకి ఒరిగిందంటే అయిపోనాది. పెట్టేటప్పుడు, ఒకటో నెంబరు క్యాపు ఒకటో సోట్లోనే, బాణం గుర్తు ముందుకే. మజ్జలోది ముందు బిగించి, అటొకటి ఇటొకటి రావాల. ఒక్కోటి బిగించినాక చేత్తో తిప్పి సూడాల. ఇలగ. తిరుగుతన్నాదా? ఎన్నలాగ."

"ఆ నెంబర్లు నాకెందుకు. హైమవతి ఇంకో మాట కూడా చెప్పింది. పాత సామానంతా అడిగి పట్టుకో అంది. కొత్తవి వేసేమని చెప్పి మీరు వెయ్యరట."

"పాత సామానేటి సేసుకుంటారమ్మా? మురుగూ కంపూ."

"కంపు నేను పడతాను. ఎక్కడున్నాయి?"

"పారీసేను గావాల."

"గావాలేటి? ఆ డబ్బాలో ఏటున్నాది?"

"అందులో చెయ్యెట్టకండి. పెళ్ళిళ్ళకి సున్నుండలు చుట్టే చేతులు."

"ఎట్టీసేను. ఛీ. ఏటీ రోత, నాగబాబూ? వారం రోజులు మరిగిన బూరెల నూనె కూడా ఇలా కొట్టదు."

"అందుకే ఒద్దన్నాను."

"ఇవేనా బేరింగులంటే? సగానికి విరిగిన గాజుల్లా ఉన్నాయి."

"అవే. పైన సగం, కింద సగం. మజ్జలో క్రాంకు తిరుగుతాది. నూనె అందినంత కాలం సుఖంగా తిరుగుతాది. ఇవి మాడిపోతే క్రాంకుని పట్టీసుకుంటాయి. రామభద్రపురం దాటేక మీ కారు ఆగిపోయింది అందుకే."

"ఆగిపోయిందని ఎంత తేలిగ్గా అంటన్నావు. బొబ్బిలిలో పెళ్ళి, వెయ్యి అరిసెలు, గంపెడు సున్నుండలు, మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నేను. ఆటోవాడి కాళ్ళా వేళ్ళా పడి వెళ్ళేసరికి సారె పళ్ళేలు కదిలిపోయేయి. పెళ్ళివాళ్ళు నా గంపలు వీధిలోనే దింపించీసేరు. ఈగలు మూగీసి, నా ముందే... మా ఆయన పోయి మూడేళ్ళు. ఈ పొయ్యి, ఈ కారు తప్ప నాకేటున్నాది? బొబ్బిలి నుంచి మళ్ళీ ఒక్క ఆర్డరు రాలేదు."

"తెలుసమ్మా."

"తెలుసంటావు, ఇటు చూడవు. ఆగు, ఇదేటి? ఈ ముక్క వెనక అంటుకుని మెరుస్తన్నాది."

"ఏటీ నేదు. మసి."

"మసి మెరుస్తాదేటి? కోవా బిళ్ళల మీద వెండి రేకు అద్దుకునేదాన్ని, నాకు చెప్తావా? ఇది కాగితం."

"సిగరెట్టు పెట్టిలో కాగితం."

"సిగరెట్టు కాగితానికి ఇంజన్లో ఏటి పని?"

"ఆ పానా ఇలగందించండి."

"పానా తర్వాత. అడుగుతన్నాను."

"బేరింగు అరిగిపోతే క్రాంకు వదులైపోద్దమ్మా. టక టకమని సప్పుడొస్తాది. కొత్త బేరింగు ఎయ్యకుండా, పాతదాని ఎనకాల ఈ కాగితం మడతెట్టి తోసీస్తే బిగుసుకుంటాది. సప్పుడాగిపోద్ది. తోలి సూసినోడు, ఇంజను బాగున్నాది అనుకుంటాడు."

"ఎన్నాళ్ళు?"

"నెలో, రెండు నెల్లో. ఆనక కాగితం నలిగి జరిగిపోద్ది. నూనె సరిగ్గా నిలవదు. ఏడెక్కి మాడిపోద్ది. మీరు మెల్లగా తోల్తారు గాబట్టి ఎనిమిది నెల్లు నడిసింది."

"ఎనిమిది నెలలు. అంటే మా అన్నయ్య నాకు అమ్మినప్పటి నుంచి."

"ఆ నూనె డబ్బా ఇటు జరపండమ్మా."

"అమ్మే ముందు నీ దగ్గరే ఇంజను చేయించేడు. కొత్త బేరింగులు వేయించేనే కాంతం, పదేళ్ళు మూత తియ్యక్కర్లేదు, అన్నాడు. కొనడానికి ముగ్గురొచ్చేరట. వాళ్ళని పొమ్మని, తోడబుట్టినదానివి, వీధిన పడకూడదని నాకిచ్చేడు. ఆయన కొత్తవి వెయ్యమంటే, ఈ రోత ఎవరు పెట్టేరు?"

"పని కానివ్వండమ్మా. ఇంకా రెండు క్యాపులున్నాయి."

"ఎవరు పెట్టేరు?"

"నానే పెట్టేను."

"నువ్వే."

"ఈ చేత్తోనే."

"హైమవతి సగమే చెప్పింది. క్రాంకు దొంగవి అనుకున్నాను, అంతకంటే హీనుడివి. దొంగయితే ఎత్తుకుపోయి ఊరుకుంటాడు. ఛీ. నీ కూతురు నీళ్ళాడితే చలిమిడి నేను చేసి పంపేను కదురా. ఉండు, ఫోను చేస్తాను... అన్నయ్యా, కొట్టు ఎవరికైనా అప్పచెప్పి ఒకసారి షెడ్డుకి రా. కాదు, ఇప్పుడే. రోడ్డు దాటితే షెడ్డే కదా, బస్తాలు ఎక్కడికీ పోవు. రా."

"ఆయన్ని పిలవకుండా ఉండాల్సిందమ్మా."

"భయమేస్తన్నాదా?"

"భయం కాదు. బాగుండదు."

"అదిగో, వచ్చేడు. అన్నయ్యా, ఇటు చూడు. నువ్వు కొత్త బేరింగులు వెయ్యమన్నావు. ఈయన పాతవాటి వెనక సిగరెట్టు కాగితం కుక్కేడట. నోటితో ఒప్పుకున్నాడు."

"అవతల పెట్టవే, చొక్కాకి అంటుతుంది. దీనికేనా ఇంత కంగారు? ఎరువుల లోడు దిగుతోంది అక్కడ. సర్లే, ఏదో అయిపోయింది. ఇప్పుడు బాగా బిగిస్తున్నాడు కదా. ఏం నాగబాబూ?"

"బిగిస్తన్నాను, సావుకారుగారు."

"అయితే ఇంకేటి? పోన్లే, కాంతం."

"పోన్లేనా? అన్నయ్యా, గెలలో రెండు అరటిపళ్ళు తక్కువొచ్చేయని సంతవాడి వెనకాల పోలీసు స్టేషను దాకా నడిచిన మనిషివి. నిన్ను ఇంత మోసం చేస్తే పోన్లే అంటావేటి?"

"అరటిపళ్ళు వేరు. సరే, అంటాను. ఏటయ్యా నాగబాబూ, ఇదేనా నువ్వు చేసింది? నా షెడ్డులో ఉంటూ, నా చెల్లెలి బండికి?"

"సెప్పమంటారా, సావుకారుగారు?"

"చెప్పడానికేటున్నాది? తప్పు నీది. ఒప్పుకుని దానికో దండం పెట్టెయ్, అక్కడితో సరి. పన్నెండేళ్ళబట్టి ఉన్నావు, షెడ్డు ఖాళీ చెయ్యమని నేనంటున్నానా? నువ్వుంటావు, నీ పని నువ్వు చేసుకుంటావు."

"తప్పు నాదేనమ్మా. వారం కిందట ఇంజనిప్పితే, ఆ కాగితం నల్లగా, జిగటగా, బయటకొచ్చింది. సేతులు సబ్బెట్టి కడిగేను, డీజిలెట్టి కడిగేను. అన్నం ముద్ద నోటి కాడికి తెస్తే అదే వాసన. దండం పెడతన్నాను."

"లే. ముందు లే. నీ దండాలు నాకెందుకు? అయితే వారం కిందటే చూసేవు. చూసి, పారెయ్యకుండా ఈ డబ్బాలో ఎందుకుంచేవు?"

"పారెయ్యడానికి సెయ్యి రానేదు."

"ఒప్పుకున్నాడు కదే. ఇంకా ఏటి తవ్వుతావు? పద, ఎండెక్కుతోంది, దింపీసి వస్తాను."

"ఆగన్నయ్యా. నాగబాబూ, కొత్త బేరింగులు వేసినా నీ కూలి నీకొస్తాది. కాగితం పెట్టినా అదే కూలి. మరి పెడితే నీకేటి లాభం?"

"నాకేటీ నేదమ్మా."

"మరెవరికి?"

"మెకానిక్కులతో వాదనలేటే? నలుగురూ చూస్తున్నారు. మీ వదిన కాఫీ పెట్టి ఉంచింది, పద."

"కాఫీ తర్వాత తాగుతాను. నాగబాబూ, తలెత్తు. ఆ కాగితం తోసేటప్పుడు, ఈ కారు నేను కొంటన్నానని నీకు తెలుసా?"

"వాడికెలా తెలుస్తుంది? నేనెవరికి అమ్మితే వాడికెందుకు?"

"నిన్నడగలేదు, అన్నయ్యా."

"తెలుసమ్మా."

"ఎవరు చెప్పేరు?"

"నాగబాబూ, పెళ్ళాం పిల్లలున్నవాడివి. ఈ నాలుగు రేకులూ లేకపోతే ఎక్కడ కూర్చుంటావో ఆలోచించుకుని నోరిప్పు."

"ఆలోసించుకున్నాను, సావుకారుగారు. ఎనిమిది నెల్లబట్టి అదే పని. అమ్మా, కొత్తవొద్దు, కాగితం తోసీ అని ఈయన సెప్పిన రోజు నానడిగేను, ఇది ఎవరికమ్ముతన్నారు బాబూ, రేపొచ్చి నన్ను తంతారు, అని. 'బయటోడైతే ఇంకో మెకానిక్కుని ఎంటబెట్టుకొచ్చి సూపించుకుంటాడు, అందుకే మా సెల్లికిస్తన్నాను' అన్నారు."