చలిలో తెలిసిన లోటు

1988 జూన్ ఆరవ తేదీన మా పరిశోధనాలయంలోని జన్యుశాస్త్ర విభాగంలో చేరిన మేడమ్‌గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పక్క గదిలో సామాను ఇచ్చే స్టోర్‌కీపర్ని. వారి విజ్ఞానాన్ని కొలిచే అర్హత నాకు లేదు. చూసినది రాస్తున్నాను.

పిండిని పొంగించే ఈస్టే వారి జీవితకాల సహచరి. మన కణాల్లో జరిగే పనులెన్నో ఆ చిన్న జీవిలోనూ జరుగుతాయి గనుక, దానిలో ఒక జన్యువును తొలగించి, ఏ పని కుంటుపడుతుందో గమనించి, ఆ జన్యువు దేనికోసం ఉన్నదో తేల్చడం వారి విధానం.

"ఇంత ఈస్ట్ పెంచుతారు, ఒక్క బ్రెడ్డు ముక్కైనా పెట్టరేం మేడమ్?" అని గాజుసామాను కడిగే ఆవిడ దెప్పితే, "పెడతాను గానీ, తిన్నాక నీలో ఏ జన్యువు లోపించిందో అందరికీ చెప్పేస్తాను, సరేనా?" అనేవారు. అందరినీ నవ్వించి, మధ్యాహ్నం మాత్రం ఈస్ట్‌ను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పక్కన ఒక్కరే అన్నం డబ్బా విప్పుకునేవారు.

విభాగాధిపతి అయ్యాక కూడా ఒక జన్యువు వారికి కొరకరాని కొయ్యగానే ఉండిపోయింది. దాన్ని తీసేసినా ఈస్ట్ నిక్షేపంగా పెరిగేది. "భగవంతుడు అక్కర్లేనిది పెడతాడా మేడమ్?" అని అడిగాను. "మనమే సరిగ్గా అడగలేదేమో స్టోర్సుగారూ" అన్నారు.

ఆ శీతాకాలంలో తల్లిగారు పోయారని కబురు వస్తే, కంగారులో దీపాలతోపాటు ఇంక్యుబేటర్ కూడా ఆపేసి వెళ్ళారు. తిరిగివచ్చిన రోజు దాని తలుపు తీసి నన్ను కేకేశారు. వెళ్ళేముందే ఈస్ట్ చల్లి లోపల పెట్టిన గాజు ప్లేటులో ఒక సగాన మామూలు ఈస్ట్ ఆ చలిలోనూ మెల్లగా తెల్లని చుక్కలై లేచింది; జన్యువు తీసేసిన సగం బోసిగా ఉంది.

"చలికి తట్టుకునేది దీనివల్లనన్నమాట! వెచ్చగా ఉంచినన్నాళ్ళూ నాకెలా తెలుస్తుంది?" అని పొంగిపోయారు. "సాయంత్రం అమ్మకి చెప్..." అని ఆగిపోయారు. తరువాత పదే పదే సరిచూసి ప్రకటించిన ఆ ఫలితమే మా విభాగానికి పేరు తెచ్చింది.

మొన్న వీడ్కోలు సభకు పిలవడానికి వెళితే, "నాకెందుకండీ సభ? నన్ను తీసేసి చూడండి, మీ ప్లేటు నిండుగానే ఉంటుంది" అన్నారు. ఇంట్లో ఎదురుచూసేవారు లేని మనిషి అన్న మాట. మర్నాడు పూజలో కూర్చున్నా అదే మాట చెవిలో మోగింది.

మేడమ్, మీరన్నది నిజమే కావచ్చు. మీరు వెళ్ళాక కూడా ఈ గదులు వేళకు తెరుచుకుంటాయి, పని సాగుతుంది, మీ లోటు ఎవరికీ కనిపించకపోవచ్చు. కానీ మాకూ చలికాలం వస్తుంది. ఆనాడు మీ ఇంటికొచ్చి తలుపు తడతాం. తీయడానికి మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళూ ఉండాలని ఆ భగవంతుణ్ణి వేడుకుంటున్నాను.