ముందు వరస పాసు

"ఆ పాసు నాకే ఇవ్వాల. ఎందుకివ్వాలో చెప్తాను, ముందు కూకో గణపతీ," అన్నాడు నరసింగరావు, క్యాంప్ 1 కార్మికుల బస్తీలో సింహాచలమ్మ టీ బండి దగ్గర సగం బెంచీ తనే ఆక్రమించి. ఆదివారం టౌన్‌షిప్‌లోని కొత్త ఆడిటోరియంలో తెలుగు సంఘం కార్యక్రమం. నరసింగరావు కూతురు కృష్ణప్రియ మొదటిసారి స్టేజీ మీద పాడుతోంది. ముందు వరస పాసు ఒక్కటే మిగిలింది. అది సంఘం కార్యదర్శి గణపతిరావు జేబులో ఉంది.

"ఆ హాల్లో కుర్చీలు బిగించడానికి మా ఉక్కు మిల్లు నుంచి ఫిట్టర్ని పంపినారు కదా, ఎవుణ్ణి? నన్నే. బోల్టులు బిగిస్తా బిగిస్తా ఇంజనీరుతో అన్నాను, సాహెబ్, కుడిపక్క స్పీకరు జుయ్‌మంటంది, చూసుకోండని. చూస్తే నిజమే, తీగ లూజు. అంతే, ఆయనకి నా చెవుల మీద గురి కుదిరిపోనాది."

"అంతవరకు నమ్మొచ్చు," అన్నాడు అదే మిల్లులో పనిచేసే రవికాంత్.

"నమ్మకేటి చేస్తావు? ఆ తర్వాత ఏటయిందో తెలుసా? నన్ను ఆఖరి వరసలో కూకోబెట్టి, కళ్ళకి గుడ్డ కట్టి, స్టేజీ మీద ఓ పిన్ను పడేసినారు. పిన్నీసేనా అన్నాడు ఇంజనీరు. కాదు సాహెబ్, జడపిన్ను, ఒక కాలు వంకర కూడాను అన్నాను. తీసి చూస్తే వంకరే!"

"టీ చల్లారిపోతంది, తాగవేటి?" అంది వెనకనుంచి సింహాచలమ్మ. నరసింగరావు తిరిగి చూడలేదు.

"ఇంజనీరుకి పంతమొచ్చింది. అంబాసిడర్ ఎక్కించి నన్ను పక్కూరు దుర్గ్ స్టేషనుకి పంపించీసినాడు. ఒకపక్క బండి కూత, ఒకపక్క సమోసాలోళ్ళ కేకలు. ప్లాట్‌ఫారం మీద కళ్ళు మూసుకుని కూకున్నాను. పావుగంటయ్యాక ఎస్టీడీ బూత్‌కెళ్ళి ఫోన్ చేసినాను, సాహెబ్, మీ చౌకీదారు మూడో వరసలో కూకుని పల్లీలు ఒలుస్తన్నాడు, అందులో ఒకటి పుచ్చు అని."

"పుచ్చుదని చప్పుడుకే తెలిసిపోయిందా భయ్యా?" అన్నాడు రవికాంత్.

"పుచ్చు పల్లీ చప్పుడు వేరురా, నీకేటి తెలుసు! సరే, హాలు తెరిచినారు. నాగపూర్ నుంచి పెద్ద పాటగాడొచ్చినాడు. పైస్థాయిలో ఓ స్వరం పట్టినాడు చూడు, అది తిన్నగా పైకెళ్ళి సీలింగులో ఇరుక్కుపోనాది. ఆయన బండెక్కి ఎళ్ళిపోనాడు, స్వరం దిగదే! మూడ్రోజులు ఏ మీటింగు పెట్టినా పైనుంచి 'ఆ...' అంటానే ఉంది. ఉపన్యాసాలోళ్ళు ఏడుపు మొహాలేసుకుని నాకు కబురెట్టినారు. నిచ్చెనేసుకుని, ఎర్రటి కడ్డీ పట్టే పట్టకారుతో దాన్ని లాగి, టిఫిను డబ్బాలో కుక్కి మూత బిగించీసినాను. నాగపూర్ పార్సిలు చేసినాం. అక్కడ ఆయన మూత తీసినాడో లేదో, ఇక్కడ మంచం మీద పడుకున్నోణ్ణి లేచి కూకున్నాను. శ్రుతి ఇసుమంత తగ్గలేదు! ఇప్పుడు చెప్పు, పాసు ఎవుడికియ్యాల?"

గణపతిరావు పాసు తీసి విసనకర్రలా విసురుకున్నాడు. "నీకైతే వద్దులే బావా. నాగపూర్ వినబడే చెవులకి ముందు వరసెందుకు? మంచం మీదే పడుకుని పిల్ల పాట వినీ. వీధి చివర జోగమ్మకి పాపం చెవుడు, ఆవిడికిచ్చేస్తాను."

బెంచీ మీద అందరూ నవ్వారు. నరసింగరావు నవ్వలేదు. పాసు తిరిగి జేబులోకి పోతుంటే అటే చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏటి బావా? వినబడలేదు."

నరసింగరావు లేచి నిలబడ్డాడు. "నాకు చెవుడురా గణపతీ! ఎడంది ఎప్పుడో పోనాది, కుడిది సగం. ఇంట్లో పిల్ల పాడతంటే దాని నోరు కదలడమే కనబడతాది. అదెలా పాడతాదో నాకింతవరకు తెలీదురా!"

మిల్లు రొదలో మాట్లాడే గొంతు అది. సందులో రెండువైపులా తలుపులు తెరుచుకున్నాయి. ఆయన మొహం ఎర్రబడిపోయింది.

గణపతిరావు పాసు మళ్ళీ తీసి ఆయన చేతిలో పెట్టాడు. దానిమీద నరసింగరావు అని అప్పటికే రాసి ఉంది. ఆయనకి ఎదురుగా నిలబడి, గట్టిగా అన్నాడు:

"పొద్దున్నే రాసీసినాను బావా. ఎందాకా పోతావో చూద్దామని కూకున్నాను. నాగపూర్ దాకా పోనావు."