లొరెటా హాల్లో పాట ఆపించినోడు

"అమ్మమ్మా, తెలుగువాళ్ళందరూ నేపర్‌విల్ వైపు ఉంటే మీరొక్కరే ఈ సౌత్ సైడ్‌లో ఎందుకుండిపోయారు?"

ఏందే, ఆ ఫోన్లో రికార్డవుతుందా? అవనీ. ఎవరడగమన్నారే నీలిమా నిన్ను? మీ సీనియర్లేగా? 'ఆ ముసలామె ఇంట్లో రూమ్ చీపే గానీ ఏరియా సేఫ్ కాదు' అనుంటారు. వాళ్ళు ఇక్కడుండే నల్లజాతోళ్ళని ఏమని పిలుచుకుంటారో కూడా నాకు తెలుసు. ఆ మాట మాత్రం నా ఇంట్లో అనబాక.

కూకో, చెప్తా. గుంటూరు మిషనాసుపత్రిలో నర్సింగ్ చేసి చికాగో వచ్చా. ఆసుపత్రి ఇక్కడే, నడిచే దూరం. అప్పట్లో ఈ ఇల్లు, ఇప్పుడు మీరు కొనే కార్ల రేటు కూడా లేదు. మా ఆయన అంటానే ఉండేవాడు, ఇంకోటి కూడా కొందామని... సరే, అది వదిలెయ్. నేనిక్కడ ఉండిపోయింది లొరెటా అనే ఆమె వల్ల, ఆమె సంగతి చెప్తా.

వాళ్ళమ్మ నా వార్డులో పేషెంటు. నేను పక్క సర్దుతా మా చర్చి కీర్తన ఒకటి కూనిరాగం తీస్తంటే ఈమె గుమ్మంలో నిలబడి వింది. "సిస్టర్, ఆ గొంతు ఇక్కడ దాచిపెట్టి ఏం చేస్తావ్? ఆదివారం మా చర్చికి రా" అనింది. పోయా. అబ్బ, ఏం చెప్పనే! ఆడోళ్ళందరూ పెద్ద పెద్ద టోపీలు, పసుపూ ఊదా రంగులు. నేను తెల్ల చీర కట్టుకుని పోయా, చావుకొచ్చినట్టు. వాళ్ళు చప్పట్లు కొడతంటే నేనూ కొట్టా. నాదేమో వాళ్ళందరి కంటే ముందు పడుద్ది! లొరెటా నా చేతులు పట్టుకుని, "ముందు విను, తర్వాత కొట్టు" అనింది. అది పట్టుబడటానికి నాకు ఒక చలికాలం పట్టింది, నవ్వకు.

ఆ లొరెటానే చర్చికి ఎదురుసందులో ఒక పాత హాలు అద్దెకి తీసుకుంది. శనివారం వచ్చిందంటే వీధి వీధంతా అక్కడే. పాటా, డ్రమ్సూ, ఊదే వాయిద్యాలూ, ఒకాయన లేచి తను రాసుకున్న కవిత్వం చదివేవాడు, పిల్లలు డాన్సు. వెనకాల చేపలు వేయించేవాళ్ళు. నేను గోంగూర తీసుకుపోతే వాళ్ళ ఆకుకూరలో కలుపుకుని తినింది లొరెటా, తెలుసా? డ్రమ్స్ నేర్పేది వాళ్ళ చర్చి పెద్ద, డీకన్ ఎల్లిస్. సిటీ బస్సు తోలి రిటైరయ్యాడు. డెబ్బై ఏళ్ళు దాటినా ఆయన వాయిస్తంటే నేల అదిరేది. నా మోకాళ్ళు నొప్పులు మర్చిపోయేయి.

తర్వాత ఏమైందీ, ఎదురుగా ఉన్న పాత గోడౌన్ ఎవరో కొని కాండోలు, అంటే ఫ్లాట్లు, చేశారు. అద్దాలూ, బాల్కనీలూ. అందులో ఒకటి కొన్నోడు మనవాడే. వంశీ. అరోరాలో మా తోటికోడలు వాళ్ళింట్లో భోజనాల దగ్గర చూశా, 'ఆంటీ ఆంటీ' అని వెనకే తిరిగేవాడు. అంత దూరం నుంచి రోజూ ఆఫీసుకి ట్రైన్లో తిరగలేక డౌన్‌టౌన్ దగ్గరని ఇక్కడ కొన్నాడంట. మంచిదే, నాకు తెలుగు మాట వినపడుద్ది అనుకున్నా.

ఒక శనివారం, పట్టపగలే, ఈస్టర్ పాటలు ప్రాక్టీస్ చేస్తన్నాం. తలుపు తోసుకుని పోలీసులొచ్చారు. "ఇక్కడ గొడవ జరుగుతుందని ఫోనొచ్చింది" అన్నారు. గొడవంట! మేం పాడతన్నది దేవుడి పాట. ఎల్లిస్ చేతిలో డ్రమ్ము కర్రలున్నాయి. "చేతిలోవి కింద పెట్టు" అని అరిచాడు ఒకడు. ఎల్లిస్ మెల్లగా వంగి, కర్రలు రెండూ నేల మీద పెట్టి, చేతులు కనపడేట్టు చాపి నిలబడ్డాడు. ఎన్ని సార్లు అట్టా నిలబడ్డాడో గానీ, ఎవరూ చెప్పనక్కర్లేకుండానే వచ్చేసిందే ఆయనకి అది. పిల్లలందరూ చూస్తన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటకొచ్చి చూద్దును గదా, ఎదురు మెట్ల మీద ఫోన్ పట్టుకుని వంశీ.

"ఆంటీ! మీరేంటి ఇక్కడ?"

"పాడతన్నా. నువ్వేనా పిలిచింది?"

"అయ్యో ఆంటీ, లోపల మీరున్నారని తెలిస్తే చేసేవాణ్ణే కాదు."

"నేను లేకపోతే చెయ్యొచ్చా?" అన్నా.

చెప్పు నీలిమా, నేను లేకపోతే చెయ్యొచ్చా?

పోలీసులు ఆరోజుకి పోయారు. సారీ కూడా చెప్పలా. కానీ ఆ బిల్డింగోళ్ళ కంప్లైంట్లు ఆగలా. వాళ్ళ మీటింగుకి లొరెటా, నేను ఇద్దరం పోయాం. "మీరు రాకముందు నుంచీ ఈ వీధిలో పాట ఉంది. ఈ వీధి బాగుందనేగా కొన్నారు?" అనింది లొరెటా. అందరూ తలలూపారు. మర్యాదకేం తక్కువ లేదు! ఆ ఏడాదే హాలు ఓనరు అమ్మేశాడు. కూలగొట్టి వాళ్ళ కార్లకి పార్కింగ్ చేశారు. లొరెటా గ్యారీ అనే పక్కూళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే మాట్లాడుద్ది, పాడమంటే మాత్రం పాడదు.

ఇంకా ఉంది, విను. పోయినేడు వంశీ మా ఇంటికొచ్చాడు, స్వీట్ బాక్సు తీసుకుని. "ఆంటీ, మా పాపకి డ్రమ్స్ అంటే బాగా ఇంట్రెస్ట్. ఇక్కడ దగ్గర్లో నేర్పేవాళ్ళెవరైనా తెలుసా?" అన్నాడు. ఏ మాత్రం సిగ్గు లేకుండా! నేను తలుపేసేశా, మొహం మీదే.

ఆ సంగతి ఎల్లిస్‌కి చెప్తే, "పిల్లేం చేసింది సిస్టర్? పంపించమను" అన్నాడు. ఇప్పుడు ఆ పిల్ల గురువారం గురువారం ఆయనింటికెళ్ళి నేర్చుకుంటంది. బానే వాయిస్తదంట. ఆయన క్షమించాడమ్మా. నేను క్షమించలా. ఆదివారం అందరితో పాటు ప్రార్థన చేస్తా, 'మేం క్షమించినట్టే మమ్మల్ని క్షమించు' అనే మాట దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగిపోద్ది. పక్కన ఎల్లిస్ గొంతు వినపడతానే ఉంటది...

సరే, పొద్దుపోయింది, నీకు క్లాసుందన్నావ్. నువ్వు బాగా చదువుకో తల్లీ, మంచి ఉద్యోగం రావాలి, మంచి ఇల్లు కొనుక్కోవాలి. ఎదురింట్లో పాట వినపడితే తలుపు తట్టి లోపలికి పోయే బుద్ధి ఆ దేవుడు నీకివ్వాలి. వెళ్ళు, చలిగా ఉంది, టోపీ పెట్టుకో.