చివరి సైకిలు

నా పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా పైనున్న గడుల్లో కానిస్టేబుల్ రాసుకున్నారు. అక్షరాలు సరిచూశాను. వయసు అరవై తొమ్మిది. ముప్పై నాలుగేళ్లు అచ్చాఫీసులో ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. వృత్తి అన్న గడిలో "విశ్రాంత ఉద్యోగి" అని రాయబోతే వద్దన్నాను. నేను విశ్రాంతి తీసుకోవడం లేదు. ప్రతి ఆదివారం పొద్దున, సైకిలు కొత్తగా మొదలుపెట్టినవాళ్ల గుంపులో అందరికన్నా చివరి సైకిలు నాది. అది కూడా వృత్తి కిందే రాయమన్నాను. గడిలో చోటు చాలదన్నారు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

ఈ రోజు సోమవారం, మధ్యాహ్నం మూడూ నలభై. స్టేషను ముందు గదిలో కూర్చుని చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు. పక్కన కూర్చున్న మా కోడలు మాత్రం రెండుసార్లు బెదిరించింది.

నేను ఈ సైకిల్ క్లబ్బులో చేరి రెండేళ్లు దాటింది. పన్ను పీకించుకోవడానికి వెళితే పళ్ల డాక్టరు గది గోడకి ఒక కాగితం అంటించి ఉంది. "కొత్తవాళ్ల కోసం. వేగంతో పని లేదు. ఎవరినీ వెనక వదిలిపెట్టం" అని ఉంది. నా జన్మలో కొన్ని లక్షల అచ్చు వాక్యాలు చదివాను. వాటిలో సగం అబద్ధాలు, మిగతా సగం అతిశయోక్తులు. ఇది ఏ రకమో తేల్చుకుందామని ఆదివారం వెళ్లాను. ఆ పళ్ల డాక్టరే క్లబ్బు నడుపుతుంది. అందరూ కెప్టెనమ్మ అంటారు.

మొదటి వారం నాలుగో కిలోమీటరు దగ్గర ఇక తొక్కలేక దిగిపోయాను. వదిలేసి పోతారని చూశాను. పోలేదు. అప్పట్లో చివరి సైకిలు ఒక బస్సు మెకానిక్‌ది. అతను దిగి, రెండు కిలోమీటర్లు నా పక్కన నడిచాడు. జాలి మాట ఒక్కటి అనలేదు. "మీ గొలుసు ఎండిపోయింది, నూనె వెయ్యండి" అని మాత్రం అన్నాడు. రెండో వారం వెళ్లాను, మూడో వారం వెళ్లాను. మూడు నెలలు పరీక్షించాను. ఒక్కసారి కూడా వదల్లేదు. ఆ కాగితం మీది వాక్యంలో తప్పు లేదని తేలింది. ఆ మెకానిక్‌కి వేరే ఊరు బదిలీ అయినప్పుడు కెప్టెనమ్మ చివరి సైకిలువాళ్లు వేసుకునే నారింజరంగు చొక్కా నాకిచ్చి, "ఇక మీరే తోక, మాస్టారూ" అంది. అచ్చాఫీసులో నాకు ఎవరూ ఏ పదవీ ఇవ్వలేదు. ఇది ఇచ్చారు. తోక అంటే నవ్వేవాళ్లు నవ్వవచ్చు.

తోక పని ఏమిటని అధికారిగారు అడిగారు. గుంపులో అందరికన్నా నెమ్మదిగా వెళ్లేవాళ్ల వెనకే ఉండాలి. వాళ్లని ఎప్పుడూ దాటకూడదు. వాళ్లు ఆగితే ఆగాలి. వెనక నుంచి ఏ వాహనం వచ్చినా "వెనక బండి!" అని అరవాలి. ముందున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆ కేక అందుకుంటూ ఎడమకి జరగాలి. ఇంకొక రూలుంది. ఎవరి ఒంటి మీదా, ఎవరి సైకిలు మీదా చెయ్యి వెయ్యకూడదు. చెయ్యి వేస్తే కొత్తవాళ్లు పడిపోతారు. ఆ తప్పు చేసినవాళ్లకి మళ్లీ బాధ్యత ఇవ్వరు.

నా మీద ఫిర్యాదు చేసిన పెద్దమనిషి మా అచ్చాఫీసు పాత మేనేజరు. ఐదు వారాల కిందట క్లబ్బులో చేరాడు. నన్ను చూడగానే "ఓయ్ ప్రూఫూ, నువ్వింకా ఉన్నావా?" అన్నాడు. "తమకన్నా రెండేళ్లు చిన్నవాణ్ణి సార్, వరస ప్రకారం తమరి తర్వాతే" అన్నాను.

మీ ఇద్దరి మధ్యా పాత కక్ష ఏమైనా ఉందా అని అధికారిగారు అడిగారు. ఉంది. రాసుకోండి. ఇరవై రెండేళ్లుగా ఉంది. ఏడో తరగతి సైన్సు పుస్తకంలో గుండె బొమ్మ కింద జీర్ణాశయం అనీ, జీర్ణాశయం బొమ్మ కింద గుండె అనీ కంపోజ్ అయింది. నేను ఎర్రసిరాతో గుర్తు పెట్టి పంపాను. మేనేజరు తొందరపడి, నా ప్రూఫు చూడకుండా అచ్చుకి ఎక్కించాడు. నలభై వేల కాపీలు. ఒక ఏడాది పాటు పిల్లలందరూ గుండెతో అన్నం అరిగించుకున్నారు. విచారణ వచ్చేసరికి నా ప్రూఫు కాగితం మాయమైంది. "నేను గమనించలేదు" అని ఒక క్షమాపణ ఉత్తరం ఆయనే చెప్పి రాయించాడు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, సంతకం పెట్టాను. నన్ను పుస్తకాల విభాగం నుంచి అగ్గిపెట్టె లేబుళ్లకి మార్చారు. నిఘంటువు మొత్తం ప్రూఫు దిద్దిన మనిషిని, "తడి తగలనీయరాదు" అన్న రెండు మాటలు పదకొండేళ్లు దిద్దాను.

కాబట్టి కక్ష ఉంది. పైగా ఆయనే గుంపులో అందరికన్నా నెమ్మది. అంటే ఐదు ఆదివారాలుగా, పద్దెనిమిదేసి కిలోమీటర్లు, నేను తొక్కుతూ చూసింది ఆయన వీపునే. ఆ వీపు మీద చెమట ఎక్కడ మొదలై ఎటు పాకుతుందో కూడా నాకు తెలుసు. ఆయన అలిసిపోయి కిలోమీటరు రాయి మీద కూలబడితే నేనూ ఆగాను. "నీళ్లున్నాయా ప్రూఫూ?" అంటే ఇచ్చాను. ఇవ్వాలని లేదు. ఇచ్చాను. అది కూడా రాసుకోండి.

నిన్న, ఆదివారం, పొద్దున ఆరూ అయిదుకి ఈతకొలను గేటు దగ్గర బయల్దేరాం. మొత్తం ఏడుగురం. ముందు కెప్టెనమ్మ. తర్వాత ఇద్దరు కాలేజీ టీచర్లు, ఒక టైలరు, ఒక నర్సు, ఆమె వెనక మేనేజరు, ఆయన వెనక నేను. వాన లేదు. ఎదురుగాలి కొద్దిగా ఉంది. ఏడూ ఇరవైకి ఇటుకల బట్టీ దగ్గర వెనక్కి తిరిగాం. ఏడూ నలభై రెండుకి కాలువ గట్టు రోడ్డు మీద, మూడో తూము దగ్గర ఉన్నాం. టైము ఎలా తెలుసని అడిగారు. నా హ్యాండిల్‌కి గడియారం కట్టి ఉంది.

అక్కడ రోడ్డు సన్నం. ఒక లారీ, దాని పక్కన ఒక సైకిలు పట్టడమే ఎక్కువ. ఎడమ వైపు అంచున రాళ్లు వరసగా పాతారు. రాళ్ల అవతల జానెడు దిగువన కాలువ బురద. మేనేజరుకి నర్సు వెనక ఉండటం నామోషీ అయింది. ఆమెని దాటాలని కుడికి జరిగి రోడ్డు మధ్యకి వెళ్లాడు. దాటేంత బలం లేదు. మధ్యలోనే ఉండిపోయాడు.

అప్పుడు వెనక నుంచి లారీ చప్పుడు వినబడింది. ఖాళీ లారీ. ఖాళీ లారీ చప్పుడు వేరు, తలుపులు కొట్టుకుంటాయి. "వెనక బండి!" అని అరిచాను. నర్సు అందుకుంది, టైలరు అందుకున్నాడు, ముందు దాకా వెళ్లింది. అందరూ ఎడమకి జరిగారు. ఆయన జరగలేదు. మళ్లీ అరిచాను. మూడోసారి "సార్, వెనక బండి!" అని అరిచాను. ఆయన తల తిప్పకుండా "నాకు చెప్పకు ప్రూఫూ" అన్నాడు. సరిగ్గా ఆ మాటలే.

లారీ హారన్ కొట్టింది, వేగం తగ్గలేదు. నేను తొక్కి ఆయన కుడిపక్కకి వచ్చాను. రెండేళ్లలో నేను ఒక మనిషి పక్కకి రావడం అదే మొదటిసారి. ఎడమచెయ్యి ఆయన కుడి భుజం మీద పెట్టి తోశాను. ఆయన సైకిలుతో సహా ఎడమకి ఒరిగి అంచురాళ్ల మీద పడ్డాడు. కాళ్లు బురదలోకి, భుజం రాయి మీదకి. లారీ పక్కచెక్క నా కుడి మోచేతిని గీసుకుంటూ పోయింది. లారీ ఆగలేదు. దాని నంబరు ఇంతకుముందే చెప్పాను. నేను పడలేదు.

నర్సు తన చున్నీతో ఆయన చెయ్యి మెడకి కట్టింది. భుజం దగ్గర ఎముక విరిగిందని ఆమె అప్పుడే చెప్పింది. ఆయన నన్ను చూపించి "తోశాడు! వీడే తోశాడు!" అని అరిచాడు. ఇన్నేళ్లలో ఆయన నోటి నుంచి నా గురించి వచ్చిన మొదటి నిజం అది.

ఈ రోజు పొద్దున నాకన్నా ముందు మా క్లబ్బు వాళ్లు ఐదుగురూ ఇక్కడికి వచ్చి వాంగ్మూలాలు ఇచ్చారని అధికారిగారు చెప్పారు. ఐదింటిలోనూ, ఆయన తనంతట తానే తడబడి పడ్డాడని, చివరి సైకిలు ఆయన్ని ముట్టుకోలేదని ఉంది. నాకు వరండాలో కెప్టెనమ్మ ఎదురైంది.

"మాస్టారూ, మీరేం మాట్లాడొద్దు. మేమందరం ఒకటే మాట చెప్పాం" అంది.

"అందరూ ఒకటే మాట చెప్పారంటేనే నాకు అనుమానం వస్తుందమ్మా."

"ఆయన పెద్ద పెద్దవాళ్లని పట్టుకుని తిరుగుతున్నాడు. కావాలని చంపబోయాడని కేసు పెట్టిస్తాడట. మీరు తోశానంటే అదే దొరికింది అంటాడు. ఇంకోటి, చెయ్యి వేశారని మీరే ఒప్పుకుంటే ఆ చొక్కా నేను వెనక్కి తీసుకోవాలి. మీకని రూలు మార్చలేను."

"మార్చొద్దు. మారిస్తే నేనే ఊరుకోను."

మా కోడలు మధ్యలో వచ్చింది. "మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను. వాళ్లు చెప్పిందానికి ఊ అనండి, ఇంటికి పోదాం. ఈ వయసులో మిమ్మల్ని లోపల వేస్తే క్యారేజీ ఎవరు మోస్తారు? నేనేగా?"

"మోద్దువుగాని. కాస్త ఉప్పు తగ్గించి మొయ్యి" అన్నాను. ఆమెకి నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుంది.

అధికారిగారు కూడా మంచి మనసుతోనే ఒక మార్గం చెప్పారు. "పెద్దాయనా, తోశాను అనడం ఎందుకు? ప్రమాదవశాత్తు చెయ్యి తగిలింది అని రాద్దాం. మీకూ ఇబ్బంది ఉండదు, మాకూ ఉండదు" అన్నారు. చెయ్యి తగల్లేదు. నేను చూసి, లెక్కగట్టి, పెట్టి, తోశాను. "తోశాను" అనే రాయమన్నాను. కానిస్టేబుల్ అధికారిగారి మొహం చూశారు. అధికారిగారు "రాయవయ్యా" అన్నారు. రాశారు. నేను చూశాను.

మా వాళ్లు ఐదుగురూ అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. గుంపులో నడిపేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదని రూలు. వాళ్లు ముందున్నారు. వాళ్లు చూడలేదు, నేను చూశాను. వాళ్ల మీద ఏ మాటా రాకూడదు.

తోసినప్పుడు మీ మనసులో ఏముందని అధికారిగారు అడిగారు. ఇరవై రెండేళ్లలో ఆయన్ని తొయ్యాలని చాలాసార్లు అనుకున్నాను. మెట్ల మీద అనుకున్నాను, ప్లాట్‌ఫారం మీద అనుకున్నాను, ఆయన పదవీ విరమణ సభలో వేదిక మీద కూడా అనుకున్నాను. నిన్న ఏడూ నలభై రెండుకి అవేవీ గుర్తు రాలేదు. ఆయన ఎవరో కూడా గుర్తు రాలేదు. నా ముందున్న సైకిలు అని మాత్రమే అనిపించింది. ఇంత బాగా పోషించుకున్న కక్ష సరిగ్గా అక్కరకొచ్చే సమయానికి ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. తర్వాత పది నిమిషాలకి మళ్లీ వచ్చేసింది. ఇప్పుడూ ఉంది.

నారింజరంగు చొక్కా మడిచి కెప్టెనమ్మ చేతికిచ్చాను. కుడి చెయ్యి దగ్గర చిరిగింది, టైలరు కుడతానన్నాడు. వచ్చే ఆదివారం ఆరింటికి ఈతకొలను గేటు దగ్గరికి కొత్తవాడిగా వెళ్తాను, మీరు పోనిస్తే. నా వెనక ఎవరు ఉంటారో, కేక సరిగ్గా వేస్తారో లేదో చూడాలి.

చేసినదానికి పశ్చాత్తాపపడుతున్నారా అన్నది కాగితం మీద ఆఖరి ప్రశ్న. తోసినందుకు లేదు. మళ్లీ అదే లారీ వస్తే మళ్లీ తోస్తాను, ఆయన్నైనా, మిమ్మల్నైనా. ఒక్క తప్పు మాత్రం ఒప్పుకుంటున్నాను. ఇంకో రెండు పాళ్లు గట్టిగా తోసి ఉంటే రాయి దాటి మెత్తగా బురదలో పడేవాడు, ఎముక నిలిచేది. వయసు మీద పడి చేతిలో అంతే బలం ఉంది. ఆ ఎముక విరగడం నా తప్పే.

పై సంగతులన్నీ నేను చెప్పినవే. నాకు చదివి వినిపించబోతే వద్దని నేనే చదువుకున్నాను. మూడు చోట్ల అక్షరదోషాలు దిద్ది, పక్కన పొడి సంతకం చేశాను. "తోశాను" అన్న మాట నాలుగు చోట్ల ఉంది, నాలుగు చోట్లా సరిగ్గానే ఉంది. ఇందులో నిజం కానిది ఏదీ లేదు.

(సంతకం)
సోమవారం, సాయంత్రం అయిదూ పది