రెండు దెబ్బలంటే చాలని

కాళమ్మ సమ్మెట ఎత్తితే భద్రాచారి తలెత్తి చూసేవాడు కాదంట. ఎందుకు చూడాలి? ఇరవయ్యేడేళ్ళుగా అదే సమ్మెట, అదే చెయ్యి. ఆయన ఎడం చేత్తో ఉలి నిలబెడతాడు, కుడి చేతిలో చిన్న సుత్తి ఉండిద్ది. ఇనప పట్టీని దాగలి మీద పెట్టి, దాగలంటే తెలుసుగా, కొలిమి ముందు పాతిన ఇనప దిమ్మె, పట్టీ రెండో కొస కాలికింద తొక్కిపెట్టి, ఉలి తలమీద సుత్తితో టక్కుమని ఒకటి ఆనిస్తాడు. అంటే ఇక్కడ కొట్టు అని. ఆమె కొట్టుద్ది. మళ్ళా టక్. మళ్ళా కొట్టుద్ది. గాటు కావాల్సినంత లోతు దిగిందా, దాగలి పక్కన టక్ టక్‌మని రెండు. అంటే చాలు, ఆపు. అంతే వాళ్ళ మాటలు. పొద్దున కూర్చుంటే మధ్యాన్నం అన్నం దాకా నోరు తెరిచే పనే లేదనుకో. మీరేమో ఈ మిరపకాయలకి తొడాలు తీస్తా ఒక్క నిమిషం నోరు మూయరు. ఆ ఇల్లు చూస్తే మీకు పిచ్చెక్కేది.

ఆమెకి మొదట్లో ఆ భాష రాదంట. పుట్టిల్లు వడ్రంగులది. చెక్క సంగతి తెలుసు గానీ ఇనుము సంగతి తెలీదు. కాపురానికొచ్చిన నెలకి అత్తకి చేతులు ఆడక సమ్మెట ఈమెకిచ్చింది. మొదటి రోజు ఏమైందంటే, ఎవరిదో చేలో కలుపు తీసే గుంటకకి ఇనప బద్ద చేస్తన్నారు. పట్టీకి సగం దాకా గాటేసి, దాన్ని కాల్చి, గాటు దగ్గర మడవాలి. సగం దిగంగానే భద్రాచారి రెండు కొట్టాడు, టక్ టక్. ఈమె ఏమనుకుంది? ఒకటి కొడితే ఒకటి వెయ్యమన్నాడు, రెండు కొట్టాడంటే రెండు వెయ్యమన్నాడు కామోసు అనుకుంది. బలం కొద్దీ రెండేసింది. పట్టీ రెండు ముక్కలయి అటొకటి ఇటొకటి ఎగిరింది. ఆయన ముక్కలు ఏరుకుంటన్నాడు. అత్త మాత్రం గోడకానుకుని ఒకటే నవ్వంట. రెండంటే చాలని అమ్మా, ఇంకో రెండు కావాలని కాదు, నీ మొగుడికి అంత ఆశ లేదులే, అందంట. ఆ మాట ఊరంతా పాకింది. ఆనాటినించి అన్నం దగ్గర కూడా అంతే. ఆయన కంచం అంచు మీద వేలితో రెండు కొడతాడు, ఈమె గరిటె ఆపుద్ది.

బాగానే ఉంది. ఉంటే ఉండనిచ్చిద్దా కాలం? గుంటకలు పోయి ట్రాక్టర్లొచ్చినయ్. కొడవళ్ళు కొట్టులోనే దొరుకుతున్నయ్. ఇప్పుడు కొలిమికొచ్చేవాళ్ళంతా గేటు చెయ్యి, కిటికీకి ఊచలెయ్యి, రేకుల షెడ్డుకి గొట్టాలు కోసివ్వు అనేవాళ్ళే. ఆ గొట్టాలు బోలు. ఉలి పెట్టి కొడితే తెగవు, నలిగిపోతయ్. అప్పడం మీద రోకలేసినట్టు అయిద్ది. రంపంతో కొయ్యాలంటే పూటకి నాలుగు ముక్కలు. ఒకరోజు పేరిరెడ్డి వచ్చాడు, చేను గేటుకి చదరం గొట్టాలు ట్రాక్టరులో వేసుకుని. ఎన్నిరోజులు పట్టిద్ది ఆచారీ అన్నాడు. వారం అన్నాడు ఈయన. పేరిరెడ్డి గొట్టాలు కిందికి దించను కూడా దించలా. వారంలో నా మిరప తోటలో గేదెలు పెళ్ళి చేసుకుని పిల్లల్ని కూడా కంటయ్ ఆచారీ, పేట పోతాలే, అక్కడ మిషనుంది, బీడీ తాగేలోపు కోసిస్తారు, అని ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. ఎగతాళికే అన్నాడులే, మంచోడే. కానీ ఆ ట్రాక్టరు చప్పుడు వీధి చివరిదాకా వినపడతా ఉంటే భద్రాచారి సుత్తి పట్టుకుని అట్టాగే కూర్చున్నాడంట.

ఆరోజు సాయంత్రం కొలిమిలో నిప్పులు ఎగదోస్తా, ఆమెతో కాదు, నిప్పుతో అన్నట్టు, మనం కూడా ఆ కోసే మిషనొకటి తెచ్చుకుంటే ఎట్టుండిద్దో అన్నాడు. కాళమ్మ ఏమంది? నీ ఇష్టం అంది. ఇప్పుడు మీరు చెప్పండి, ఏ ఇంట్లోనైనా ఆడది నీ ఇష్టం అందంటే ఏంది అర్థం? ఆ, అదే. వద్దని. ఆయనకీ తెలుసు. ఆ ఊసు వదిలేసి నిప్పులే ఎగదోశాడు.

ఇంక కాళమ్మ మనసులో సంగతి చెప్తా వినండి, ఇది ఆమె నాతో కళ్ళం దగ్గర ఒక్కసారే చెప్పింది. ఆమె కుడి జబ్బ పోయింది. అప్పటికి ఆరు నెలలయింది. సమ్మెట పైకి లేచిద్ది గానీ, దిగేటప్పుడు ఎటు దిగిద్దో తెలీడం లేదంట. వావిలాకు కాచి కాపడం పెట్టుకునేది. అదేంది వాసన అంటే మోకాలికి అనేది. దెబ్బ మాత్రం తప్పడం లేదు, అదొక్కటే ధైర్యం. జబ్బ ఎంత గుంజినా సమ్మెట పోయి ఉలి మీదే పడతా ఉంది. చేతికి అలవాటయింది, కళ్ళు మూసుకున్నా అక్కడే పడిద్ది అనుకుంది. అట్టాంటప్పుడు మిషనంటున్నాడంటే ఎందుకంట? నన్ను పక్కనబెట్టడానికే. రేపు మిషనొస్తే సమ్మెట గోడకానిద్ది, నేను పొయ్యికానుతా. వచ్చినోళ్ళు ఆచారి ఉన్నాడా అని అడుగుతారు, లోపల ఎవరో ఆడమనిషి అన్నం వండతందిలే అనుకుంటారు. ఇరవయ్యేడేళ్ళ తర్వాత నేను వంటమనిషినా? ఇట్టా కుమిలిపోయిందనుకో. అంతగా కుమిలిపోతా కూడా ఆయన ఎడం బొటనవేలి గోరు నల్లబడితే, ఏమయిందయ్యా అని అడిగింది. తలుపుసందున పడింది అన్నాడు. జాగర్త అంది. అంతే.

పది రోజులు ఇంట్లో సుత్తి మాటలు కూడా తగ్గినయ్. పదకొండో రోజు ఆమే అంది, చూడకముందే కాదనడం దేనికి, పోయి చూద్దాం పా, అది నాకంటే మంచిగా కొట్టుద్దేమో నేనూ చూస్తా. ఆయన గాటు పెట్టాల్సిన చోట సుద్దముక్కతో గీత గీసిన పట్టీ ఒకటి గోనెసంచిలో పెట్టుకున్నాడు. బస్సెక్కి పేటకి పోయారు. బస్సులో కూడా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడంట, పిల్లని ఆస్పత్రికి తీసుకుపోతన్నట్టు.

మిషన్ల కొట్టులో కుర్చీలేసి కూర్చోబెట్టారు. కొట్టాయన పడుచువాడు, మాటకారి. బల్లమీద ఉంది మిషను. ఇంత పిడి, పిడికి మీట, కింద గుండ్రంగా బిళ్ళ. పట్టీని బిగించడానికి ఒక పట్టు. ధర సంగతి నన్నడగొద్దు, కథ అది కాదు. కొట్టాయన కళ్ళజోడు పెట్టుకుని, అక్కా నువ్వు ఎనక్కి నిలబడు, రవ్వలు లేస్తయ్, చీర కాలిద్ది అన్నాడు. కాళమ్మ కొంగు పట్టి చూపించింది, జల్లెడ మాదిరి ఉంది. మా ఇంట్లో చిల్లుల్లేని చీర పెళ్ళిచీర ఒక్కటే నాయనా, అదీ పెట్టెలో ఉండబట్టి, నువ్వు కొయ్యి, అంది. భద్రాచారి పట్టీ ఇచ్చి, సగందాకా గాటు పెట్టు, నేను చెప్పినప్పుడు ఆపు అన్నాడు. ఓ అట్టాగే అని మీట నొక్కాడు. ఇంక ఆ మోత, ఆ రవ్వలు, దీపావళి అనుకో. గాటు సగం దిగింది. భద్రాచారికి చెయ్యి ఊరుకోలా. ఏళ్ళ అలవాటు గదా, జేబులోంచి తాళంచెవి తీసి బల్ల అంచున కొట్టాడు, టక్ టక్. ఆ మోతలో ఎవడికి వినపడిద్ది? వినపడినా ఎవడికి అర్థమయిద్ది? కొట్టాయన పిడి అట్టాగే కిందికి తొక్కాడు. పట్టీ రెండు ముక్కలు. చూశారా పెదనాన్నా, వెన్న కోసినట్టు పోయింది, అని కళ్ళజోడు తీసి నవ్వాడు.

కాళమ్మకి తన మొదటి రోజు గుర్తొచ్చిందంట. అటొక ముక్క, ఇటొక ముక్క. నవ్వొచ్చింది, నవ్వలా. కొంగుతో చల్లటి కొసలు పట్టుకుని రెండు ముక్కలూ ఎత్తి, తెగినచోట ఆనించి చూసింది. సుద్దగీత అటుపక్కా లేదు, ఇటుపక్కా లేదు. గీత ఏదయ్యా అంది. అది పొడయిపోయిద్దక్కా, బిళ్ళ ఎంత మందముంటే అంత ఇనుము తినిద్ది, ఏ మిషనైనా అంతే అన్నాడు. మా ఉలి తినదే, అంది. ఉలి పస్తులుండి కోసిద్దేమో, ఇది తిని కోసిద్దక్కా, అన్నాడు వాడు కూడా. తగినవాడే దొరికాడు.

అప్పుడేమైందంటే, కాళమ్మ ముక్కలు కిందపెట్టి, ఆ పిడి నేనొకసారి పట్టుకుంటా అంది. కొట్టాయన ఆచారి మొహం చూశాడు. ఆచారి ఆమె మొహం చూశాడు. సంచిలో ఇంకేమీ లేదు, మిగిలిన పొడుగు ముక్కనే తీసి, కొత్త గీత గీసి, పట్టులో తనే బిగించాడు. కొట్టాయన కళ్ళజోడు తీసుకుని ఆమె చెవులకి తనే తగిలించాడంట. మీట నొక్కింది. మోత లేచింది. పిడి కిందికి దించింది. బలం ఏం అక్కర్లా, చెయ్యి బరువు చాలు, జబ్బ లేవనే లేదు. రవ్వలు. గాటు దిగతా ఉంది. టక్ టక్. ఆమె పిడి ఎత్తేసింది. సరిగ్గా సగం. కొట్టాయన వంగి వంగి చూశాడు. ఎట్టా వినపడిందక్కా నీకు అంటే, పిడిలో తగిలింది అంది. కాదు, నా చేతినే చూస్తా ఉంది, అంటాడు భద్రాచారి ఇప్పటికీ. ఆ తగువు ఇంకా తేలలా.

బిళ్ళ తిరగడం ఆగింది. ఆ నిశ్శబ్దంలో భద్రాచారి చిన్నగా అన్నాడంట, జబ్బ నొప్పి చెయ్యలేదు గదా. కాళమ్మ కళ్ళజోడు తియ్యకుండానే నిలబడిపోయింది. ఏ జబ్బ అంది. నీ కుడి జబ్బ అన్నాడు. నీకెవరు చెప్పారు అంది. ఎవరు చెప్పాలే, నీ దెబ్బ వేలెడు పక్కకి దిగతంది ఆరు నెలల నించీ, అన్నాడు. అబద్ధం, ఒక్కటి తప్పలా, అన్నీ ఉలి మీదే పడ్డయ్ అంది. పడ్డయ్, అన్నాడు. సమ్మెట ఎటు దిగిద్దో చూసి ఉలిని అటు జరుపుతున్నా గదా.

ఇదిగో, ఇక్కడ నాక్కూడా చేతులు ఆగిపోతయ్ చెప్పేటప్పుడు. తలెత్తి చూడని మనిషి ఆరు నెలలుగా తలెత్తే చూస్తున్నాడు, తలదించుకుని కొడతన్న ఈమె చూడలా. అప్పుడు మళ్ళా కనపడింది ఆమెకి, ఆయన ఎడం బొటనవేలి నల్లగోరు. తలుపు సందు అన్నావు అంది. జరపడం ఒకరోజు కొద్దిగా ఆలస్యమయింది అన్నాడు.

తిరుగు బస్సెక్కారు. ఆమె లెక్కలన్నీ తలకిందులయినయ్. నన్ను పక్కన పెడతాడని నేనేడుస్తుంటే, నా సమ్మెట కింద ఈయన చెయ్యి పెట్టి కూర్చున్నాడే. ఇవాళ గోరు, రేపు వేలు, ఎల్లుండి చెయ్యే పోతే ఉలి పట్టేదెవరు? పోనీ, వద్దు, నేను మానుకుంటా అంటే? ఆ దెబ్బ లేకుండా తెల్లారి ఏం చెయ్యాలి? మిషను ఇనుము తినిద్ది, నిజమే. గీతంత ఇనుము. సమ్మెట తినేదేందో ఇన్నాళ్ళూ కనపడలా. ఒకరి జబ్బ, ఒకరి గోరు. ఏదీ ఊరికే కొయ్యదు గదా, అనుకుందంట. ఊరి మలుపు రాంగానే ఎదర సీటు ఇనపకడ్డీ మీద గాజులతో ఒక్కటి కొట్టింది. టక్. ఒకటే. భద్రాచారి తిరిగి చూశాడు. ఇక్కడ కొట్టు అని గదా ఒకటంటే. ఆయనకి అర్థమయింది.

మిషనొచ్చింది. పిడి కాళమ్మదే, పట్టు భద్రాచారిది. సుద్దగీతకి బిళ్ళ మందం కలిపి గీయడం నేర్చుకున్నాడు, దాని కూలి దానికి ముందే పక్కనపెట్టాలి గదే అంటాడు. పేరిరెడ్డి గేటు పేటలో చేయించింది ఆరునెలలకే వంగితే వీళ్ళ దగ్గరికే వచ్చాడు, ఆచారమ్మా నువ్వే కొయ్యాలి అన్నాడంట, మొదటిసారి ఆచారమ్మా అని. సమ్మెట గోడకే ఆనింది, నిజమే. దసరాకి దానికీ బొట్టు పెట్టుద్ది, మిషనుకీ పెట్టుద్ది. ముందు సమ్మెటకే.

ఇంక ఆ తర్వాత సంగతేందంటే, అన్నం దగ్గర ఆయన కంచం మీద రెండు కొడితే ఆమె గరిటె ఆపడం మానేసింది. ఇంకో రెండేసిద్ది. అదేందే, రెండంటే చాలని గదా అంటే, మోతలో వినపడలేదయ్యా అంటది. ఇంట్లో మోత ఎక్కడిది? ఆయనా అడగడు. తింటాడు. కిందటి వారం చూశా, పొట్ట కూడా వచ్చింది ఆచారికి.

నాకు తెలిసినంతవరకూ చెప్పా. ఈ బస్తాలో ఇంకా సగం కాయలున్నయ్, చేతులు కదపండి. నేను రెండు కొట్టేదాకా ఎవరూ లేవమాకండి.