కొత్త బండికి బొట్టు

1998, రాయపూర్ శంకర్ నగర్. ముందుగదిలో దుప్పటి మీద విప్పి ఉన్న కంప్యూటర్ ముందు కోడలు కూర్చుంది. రైలింజను డ్రైవరుగా రిటైరైన మామగారు పక్కనే టార్చి పట్టుకున్నారు.

“మళ్లీ అదే పొడుగు కూత, ఆగి ఆగి. ఇంజను ఏటో అడుగుతున్నాదమ్మా.”

“ఇంజను కాదు మావయ్యా, మదర్‌బోర్డు. మెమరీ కార్డు తనకి అందట్లేదని అరుస్తోంది. పుస్తకంలో అలాగే ఉంది.”

“రేపు పొద్దున్నే ఆరుగురు ఆడపిల్లలు నేర్చుకోడానికి వస్తారు కదా?”

“అందుకేగా నా కంగారు! టార్చి ఇటు వెయ్యండి. అరే, కార్డు పళ్లకి ఈ పసుపేంటి?”

“ఈ టార్చి బేటరీ అయిపోతున్నట్టున్నాదమ్మా.”

“మావయ్యా?”

“ముప్పై ఆరేళ్లు బొట్టెట్టకుండా ఏ ఇంజన్నీ షెడ్డు దాటించలేదమ్మా. నువ్వు టీ పెట్టడానికెళ్లినప్పుడు, బంగారంలా మెరుస్తున్నాయి కదాని అక్కడెట్టేసినాను.”

“కరెంటు పారేది అక్కడే! పర్లేదు, పెన్సిల్ రబ్బరు ఇవ్వండి. మెల్లగా రుద్దితే పోతుంది... హమ్మయ్య, మళ్లీ బిగించాను. స్విచ్చి మీరే నొక్కండి.”

“నానా నొక్కాల? అమ్మో... ఒక్కటే పొట్టి కూత! తెర వెలిగిందమ్మా!”

“అంతా బాగుందని చెప్పే కూత అదే మావయ్యా. లైన్ క్లియర్!”

“మరి జేబులో నిమ్మకాయో? కొత్త బండి చక్రం కిందెట్టాలని తెచ్చినాను.”

“మౌసు కింద చిన్న బంతి తిరుగుతుంది. ఈ బండికి చక్రం అదే. దాని ముందు పెట్టండి, నేను తోలతాను.”

“ఆగమ్మా. ఆ పచ్చ తువ్వాలు ఇటియ్యి. డూటీలో ఉన్నన్నాళ్లూ నాకు గార్డు పచ్చజెండా ఊపేవాడు. ఈయాల నీకు నానూపుతాను.”